జ్యూరిక్‌లో ఖాళీగా తిరిగొచ్చిన పళ్లెం

స్విట్జర్లాండ్ వెళ్లొచ్చావంట కదా, చాక్లెట్లేవి అని ఫోన్లు చేస్తున్న వాళ్లందరికీ ముందే చెప్పేస్తున్నాను, చాక్లెట్లు తేలేదు. కొన్నవి విమానంలో పెద్దమామా తినేసింది, ఆవిడెవరో ఇప్పుడే చెప్తాను. మంచుకొండలు కూడా చూడలేదు. కిటికీలోంచి దూరంగా ఏదో తెల్లగా కనిపించింది, అది కొండో మబ్బో ఇప్పటికీ నాకు తెలీదు. నేను చూసిందల్లా జ్యూరిక్ అనే ఊళ్లో ఒక వీధి, రెండు దుకాణాలు, ఒక ఆసుపత్రి, మా వాటాకి ఎదురుగా ఒక తలుపు. ఆ తలుపు గురించే ఎక్కువ చెప్పాలి.

నేను కువైట్లో, రిగ్గైలో ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తాను. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. పేరు నాగమణి, ఇంట్లో నాగా అంటారు. మామా అంటే మన వైపు మేనమామ గుర్తొస్తాడు గానీ ఇక్కడ ఇంటావిడని అలా పిలుస్తాం. ఆవిడ అత్తగారు పెద్దమామా. పెద్దమామా కొడుకు, అంటే ఇంటి యజమాని, బాబా.

పెద్దమామా కుడి మోకాలు అరిగిపోయింది. ఇంకా ఆలస్యం చేస్తే కాలు వంకరగా బిగుసుకుపోతుంది, ఆ తర్వాత చక్రాల కుర్చీయే గతి అని డాక్టర్లు తేల్చేశారు. కువైట్లో రెండుసార్లు ఆపరేషన్‌కి తీసుకెళ్తే రెండుసార్లూ ఆసుపత్రి గుమ్మంలోంచి వెనక్కొచ్చేసింది. మొదటిసారి లిఫ్టులో వాసన బాగాలేదంది. రెండోసారి నర్సు కుడికాలు వదిలేసి ఎడమకాలి కేసి చూసిందంది. బాబా విసిగిపోయి జ్యూరిక్‌లో ఒక పెద్ద డాక్టరు దగ్గర తేదీ తీసుకున్నాడు. అది తప్పితే మళ్లీ వచ్చే ఏడే దొరుకుతుందట. మామా పిల్లల్ని తీసుకుని లండన్ వెళ్లిపోయింది. పెద్దమామా బయటి తిండి ముట్టదు కాబట్టి నన్ను వెంటబెట్టుకున్నారు.

విమానం ఎక్కేముందు బాబా నన్ను పక్కకి పిలిచి, "నాగా, నీకు ఒకటే పని. మంగళవారం పొద్దున దాకా అమ్మకి కోపం రాకూడదు" అన్నాడు.

ఏళ్ల తరబడి ఆవిడకి వండిపెడుతున్నదాన్ని. అయినా "సరే, బాబా" అన్నానంటే నా తెలివి ఎంతటిదో మీకే అర్థమవుతుంది.

కారు నిలబడి, మేం నిలబడి

జ్యూరిక్‌లో దిగగానే నాకు అనుమానం తెప్పించింది చప్పుడు లేకపోవడం. ట్రాము వస్తుంది, ఆగుతుంది, వెళ్తుంది, ఎవరూ హారన్ కొట్టరు. వీధి నిండా జనం ఉన్నా ఎవరింట్లోనో పోయినట్టు మెల్లగా మాట్లాడుకుంటారు. కువైట్లో ఎర్రలైటు పచ్చగా మారకముందే వెనకవాడు హారన్ కొడతాడు. మా ఊరి సెంటర్లో అయితే లైటే లేదు, హారన్ ఒక్కటే ఉంటుంది.

ఆ సాయంత్రం పెద్దమామాని కాస్త నడిపిద్దామని కిందకి తీసుకొచ్చాను. ఒక చేతిలో కర్ర, ఇంకో చెయ్యి నా భుజమ్మీద. రోడ్డు మీద తెల్లగీతల దగ్గర నిలబడ్డాం, కారు వెళ్లాక దాటుదామని. కారు వెళ్లలేదు, ఆగింది. ఎందుకాగిందా అని మేం చూస్తున్నాం. డ్రైవరు చెయ్యి ఊపాడు. మర్యాదస్తుడిలా ఉన్నాడని నేనూ నవ్వి, మీరు వెళ్లండని చెయ్యి ఊపాను. ఆయన మళ్లీ ఊపాడు. నేనూ మళ్లీ ఊపాను.

"ఎవరు వాడు, నీకు తెలిసినవాడా?" అంది పెద్దమామా.

ఆ కారు వెనక ఇంకో కారు, దాని వెనక ట్రాము వచ్చి నిలబడ్డాయి. ఎవరూ అరవరు, హారన్ కొట్టరు, మేం ఎప్పుడు కదులుతామా అని అలా చూస్తూ ఉన్నారు. చివరికి కుక్కని తిప్పుతున్న ఒకావిడ వచ్చి మా ఇద్దర్నీ చెయ్యి పట్టుకుని దాటించింది. తీరా అవతలికి వెళ్లాక చూస్తే అక్కడ మాకేం పని లేదు. ఇల్లు ఇటువైపే. పాపం ఆవిడే కుక్కతో సహా మమ్మల్ని మళ్లీ వెనక్కి దాటించింది.

ఆదివారం చెయ్యకూడని పనులు

మేం దిగిన భవనాన్ని చూసుకునే ఆవిడ మరునాడు పొద్దున్నే వచ్చి నియమాలు చెప్పింది. ఆవిడ ఇంగ్లీషులో చెబితే నేను నా వంటింటి అరబ్బీలోకి మార్చి పెద్దమామాకి చెప్పాలి. రాత్రి పదయ్యాక చప్పుడు చెయ్యకూడదు. మధ్యాహ్నం భోజనాల వేళ కూడా కూడదు. బట్టలు ఉతికే మిషను మన వంతు వచ్చిన రోజే వాడాలి. చెత్త మునిసిపాలిటీ సంచిలోనే వెయ్యాలి, ఆ సంచి మనమే కొనాలి. గాజుసీసాలు రంగు చూసి వేరువేరు డబ్బాల్లో వెయ్యాలి. ఆదివారం మాత్రం సీసాలు వెయ్యకూడదు, చప్పుడవుతుంది. ఆదివారం ఉతకకూడదు, మేకు కొట్టకూడదు.

అంతా ఓపిగ్గా విని పెద్దమామా, "ఆదివారం ఊపిరి పీల్చొచ్చా అని అడుగు" అంది. నేను అడగలేదు. ఎక్కడ కూడదంటుందో అని.

చెత్తసంచి ఒక్కోటి దాదాపు ఒక దినారు పడుతోంది. కువైట్లో దినారు మారిస్తే ఏ దేశం డబ్బయినా గుప్పెడు వస్తుందని మనకో ధీమా. జ్యూరిక్‌లో ఆ ధీమా మొదటి కాఫీతోనే దిగిపోయింది. కప్పు కాఫీకి పెట్టిన డబ్బుతో ఫర్వానియాలో ఇద్దరం కడుపునిండా బిర్యానీ తినొచ్చు. ఊళ్లో ఊరికే దొరికేది వీధి కుళాయిల్లో నీళ్లు ఒక్కటే. చాలా బావుంటాయి ఆ నీళ్లు. ఊరికే వస్తున్నాయి కదా అని నేను తాగి, తాగి, ఆ మధ్యాహ్నం బాత్రూమ్ వెతుక్కోవాల్సి వచ్చింది. దానికి డబ్బులు తీసుకున్నారు.

మచ్బూస్ వెళ్లింది

కువైట్లో ఒక అలవాటుంది, అక్కడ ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. రంజాన్‌లో ఇఫ్తార్‌కి ముందు ఏ వీధిలో చూసినా పనివాళ్లు పళ్లేలు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటారు. మనింట్లో వండింది పక్కింటికి, వాళ్లింట్లో వండింది మనింటికి. కొత్త ఇంట్లో దిగినా అంతే, ఇరుగుపొరుగుకి పళ్లెం వెళ్లాలి. తిరిగొచ్చే పళ్లెం ఖాళీగా రాకూడదు. మన వైపు మాత్రం వేరే ఏముంది? పక్కింటి గిన్నె తిరిగిచ్చేటప్పుడు ఇంట్లో ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసి ఇస్తాం.

పెద్దమామా ఈ పని కోసమే పూలు వేసిన పెద్ద పింగాణీ పళ్లెం ఒకటి శాలువాలో చుట్టి కువైట్ నుంచి తెచ్చింది. గురువారం నాచేత మచ్బూస్ వండించింది. మసాలా అన్నం, పైన మాంసం, పక్కన దక్కూస్ అనే టమాటా పచ్చడి. ఎదురు వాటాకి ఇచ్చిరమ్మంది.

తలుపు తీసింది ఒక పొడుగాటి ముసలాయన. నెరిసిన మీసం, ఇస్త్రీ చేసిన చొక్కా, ఇంట్లో కూడా బూట్లు. ట్రాము డ్రైవరుగా చేసి రిటైరయ్యాడని తర్వాత తెలిసింది. పళ్లెం చూశాడు, నన్ను చూశాడు, తన తలుపు మీద నంబరు చూశాడు.

"నేను ఆర్డర్ చెయ్యలేదు."

"ఆర్డర్ కాదండి. పక్కింటోళ్లం. మీకోసమే."

"ఎంత?"

"డబ్బులొద్దండి. ఊరికే."

ఆ మాటతో ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ ఊళ్లో ఊరికే ఇస్తామంటే భయపడతారు. నేను కూడా పళ్లెం ఆయన చేతికి అందించేదాకా కదల్లేదు.

గంట తిరక్కుండానే మా బెల్లు మోగింది. ఆయనే. పళ్లెం చక్కగా కడిగి, తుడిచి, ఉతికిన గుడ్డలో చుట్టి తెచ్చాడు. బావుంది గానీ చాలా కారంగా ఉంది, థాంక్స్ అన్నాడు. వెళ్లిపోయాడు. పెద్దమామా మూట విప్పింది. పళ్లెం అద్దంలా మెరుస్తోంది. అందులో ఆవిడ ముఖం తప్ప ఇంకేమీ లేదు.

నిజం చెప్పొద్దూ, నాక్కూడా మనసు చివుక్కుమంది.

"కువైట్ యుద్ధం రోజుల్లో పక్కింటావిడ దగ్గర పిండి కూడా లేదు. నా పళ్లెంలో మూడు ఖర్జూరాలు వేసి పంపింది" అంది పెద్దమామా. "నా బతుకులో నా పళ్లెం ఖాళీగా రావడం ఇదే. ఇలాంటి ఊళ్లో నేను కత్తి కింద పడుకోను. ఖలాస్. టికెట్లు తీయించమను."

బాబా పరుగున వచ్చి, శకునాలు నమ్మడం మన మతంలో తప్పమ్మా అన్నాడు.

"ఇది శకునం కాదు. మర్యాద. ఎదుటి మనిషి ఇంటికి ఏమీ పెట్టకుండా పంపించేవాళ్లు, నా మోకాలు తీసి లోపల ఏం పెడతారో నాకేం తెలుసు?"

బాబా నా కేసి తిరిగాడు.

చెత్తడబ్బాల దగ్గర రాయబారం

బాబా పెద్ద ఆఫీసులో పెద్ద మేనేజరు. ఆయన కింద ఎంతమంది పనిచేస్తారో ఆయనకే తెలీదు. అలాంటి మనిషి ముఖం ఎర్రగా చేసుకుని, "నేను ఆయన తలుపు కొట్టి మా అమ్మ ప్లేటులో ఏమన్నా పెట్టండి అని అడగాలా, నాగా? నా వల్ల కాదు" అన్నాడు. అంటే పని నాదే అన్నమాట.

శుక్రవారం నేను సీసాలు పడేయడానికి వెళ్తే ఆయన అక్కడే ఉన్నాడు. నేను పచ్చసీసా తెల్లసీసాల్లో వెయ్యబోతుంటే ఆపి, సరైన కన్నం చూపించాడు. ఇదే సందు అనుకున్నాను.

"ప్లేటండి... మా వైపు ప్లేటు అలా ఇవ్వరండి" అన్నాను.

ఆయన కనుబొమలు పైకి లేచాయి. "నేను రెండుసార్లు కడిగాను. సబ్బుతో."

"కడగడం కాదండి. లోపల..."

"లోపల కూడా కడిగాను."

"ఖాళీగా ఉందండి."

కాసేపు ఆలోచించాడు. ఆలోచించి జేబులోంచి పర్సు తీశాడు. నేను సీసాలక్కడే వదిలేసి మెట్లెక్కి వచ్చేశాను. అవన్నీ ఆయనే రంగుల వారీగా వేశాడని తర్వాత భవనం చూసుకునే ఆవిడ చెప్పింది.

ఇంట్లో చూస్తే పెద్దమామా ఆసుపత్రికి సర్దిన సంచి విప్పేస్తోంది. మధ్యాహ్నం నమాజయ్యాక కుర్చీలోంచి లేవబోయి లేవలేక గోడ పట్టుకుని నిలబడింది. నొప్పికి పెదవి బిగించింది గానీ కిక్కురుమనలేదు. నేను చూశానని తెలిసి, "వంటింట్లోకి వెళ్లు" అంది. నాకు అప్పుడు మొదటిసారి నిజంగా భయం వేసింది. ఈవిడ ఈసారి కూడా వెనక్కి తిరిగితే ఇక ఆ కాలు మీద నిలబడదు. రిగ్గైలో ఆవిడ పొద్దున్నే నా వంటింటి గుమ్మంలోకి నడిచొచ్చి, ఉప్పెక్కువైందని తిట్టకపోతే నాకు తెల్లవారినట్టుండదు.

కరివేపాకు దొరికిన చోట

శనివారం సరుకులకి వెళ్లాను. దారిలో ఒక నది ఉంది. చక్కగా సూటూ బూటూ వేసుకొచ్చిన మగవాళ్లు బట్టలు విప్పేసి అందులో దూకుతున్నారు, ఈదుకుంటూ పోతున్నారు, ఎవరూ వాళ్లని తిట్టడం లేదు. మా వైపు కాలవలో పిల్లలు దూకితే అమ్మలు బెత్తం పట్టుకుని గట్టెక్కిస్తారు. ఇక్కడ బట్టతల ఉన్నవాళ్లు దూకుతున్నారు.

నది దాటాక లంకలోని యాప్పాణం నుంచి వచ్చిన ఒక తమిళాయన దుకాణం కనిపించింది. కరివేపాకు, మునక్కాడలు, ఎండుచేపలు. ఆ వాసనకి నాకు కన్నీళ్లొచ్చాయి, ధర చూశాక ఆగిపోయాయి. నాలుగు రెమ్మల కరివేపాకు ఒక దినారు పైనే. ఊళ్లో మా పెరటి చెట్టు ఎంత ఆస్తో నాకు ఇన్నాళ్లూ తెలీలేదు.

ఆ అన్నకి పళ్లెం సంగతి చెప్పాను. ఆయన నవ్వి, వీళ్లకి సూచన అర్థం కాదమ్మా, ఏం కావాలో, ఎప్పుడు కావాలో తిన్నగా చెప్పు, చేసిపెడతారు అన్నాడు. మాట బాగానే ఉంది. కానీ మా పళ్లెంలో ఏమన్నా పెట్టండి అని నోరు తెరిచి అడగడం ఎలా? అడిగి పెట్టించుకుంటే అది మర్యాదా, ముష్టా?

బయటికొచ్చి గంగారాంకి ఫోన్ చేశాను. జగిత్యాల అబ్బాయి, కువైట్లోనే షుఐబాలో క్రేన్ నడుపుతాడు, మంగఫ్‌లో మా తమ్ముడి రూములో ఉంటాడు. నన్ను అక్కా అంటాడు. ఏ చిక్కొచ్చినా వాడికి చెప్పడం నాకు అలవాటు. వాడి సలహా ఎప్పుడూ పనిచెయ్యదు, అదీ అలవాటే.

"గింత దానికి పరేషాన్ ఎందుకే అక్కా" అన్నాడు. "నువ్వే ఏదన్న జేసి ఓ పళ్లెంల వెట్టు. ఎదురింటాయన ఇచ్చిండని చెప్పు. ముసలామెకు ఏమెర్క?"

నాకు నచ్చింది.

బోడి దుంపలు

ఆ ఊరివాళ్లు బంగాళదుంపలు ఉడకబెట్టి వెన్న రాసుకుని తింటారు. అదే చేద్దామనుకున్నాను. పెద్దమామా పడుకున్న వేళ చూసి దుంపలు ఉడికించి, ముక్కలు కోసి, వెన్న వేశాను. ఉప్పు కూడా తక్కువే వేశాను. చూస్తే జాలేసింది. అంత బోడిగా ఒక కూరని గిన్నెలో వదిలెయ్యడం నా జన్మలో చెయ్యలేదు. నా చెయ్యి నన్ను అడక్కుండానే కాస్త నూనె వేడిచేసి పోపు పెట్టేసింది. పెట్టాక గాని నాకు స్పృహ రాలేదు. కరివేపాకు తీసేశాను, ఎండుమిర్చి తీసేశాను, కూర్చుని ఆవాలు ఒక్కొక్కటే ఏరాను. వాటాలో ఉన్న వేరే పళ్లెంలో సర్ది, బయటికెళ్లి బెల్లు నేనే కొట్టి, లోపలికొచ్చి ఎదురింటాయన ఇచ్చాడన్నాను.

పెద్దమామా ముఖం విప్పారింది. ఒక ముక్క నోట్లో వేసుకుంది. ఇంకో ముక్క వేసుకుంది. నమలడం ఆపి, నాలుక మీదనుంచి ఏదో తీసి వేలి చివర పెట్టుకుని నా కళ్ల ముందు పెట్టింది. ఆవగింజ.

"నాగా, ఆయన వంటింట్లో ఆవాలు చిటపటలాడతాయా?"

నేను తలొంచుకున్నాను.

"నీ చెయ్యి నాకు తెలీదా? నువ్వు కల్పించిన ఈ ముసలాయన కంటే ఖాళీ పళ్లెం పంపినవాడే నయం. వాడు అబద్ధం ఆడలేదు."

నాకు సిగ్గేసింది. ఆవిడ తిట్టినందుకు కాదు, తిట్టి కూడా దుంపలు పూర్తిగా తినేసినందుకు.

రాసి లేని నియమం

ఆదివారం ఊరు ఊరంతా తాళం వేసేసింది. దుకాణాలు లేవు, చప్పుడు లేదు. పెద్దమామా ఎల్లుండి విమానం ఎన్నింటికని బాబాని అడుగుతోంది. బాబా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఇక సిగ్గుపడి లాభం లేదని వెళ్లి ఎదురు తలుపు కొట్టాను.

"అయ్యా" అన్నాను, వచ్చిన ఇంగ్లీషంతా కూడదీసుకుని. "మా పెద్దావిడకి మంగళవారం మోకాలి ఆపరేషన్. మా దేశాల్లో పక్కింటి ప్లేటు ఖాళీగా తిరిగివ్వకూడదు. మీరు ఖాళీగా ఇచ్చారని ఆవిడ ఆపరేషన్‌కి వెళ్లనంటోంది. వెళ్లకపోతే ఇంక నడవదు. మీరు ఏదన్నా పెట్టాలి. ఒక ఆపిల్ అయినా చాలండి."

ఆయన చెయ్యి తలుపు పిడి మీదికి వెళ్లింది. తలుపు మూసేస్తాడనుకున్నాను.

"అంటే, నియమం ఉంది" అన్నాడు.

"ఉందండి."

"నేను దాన్ని తప్పాను."

"మీకు తెలీదు కదండి."

"ఎక్కడ రాసి ఉంది?"

"ఎక్కడా రాసి లేదండి."

అది మాత్రం ఆయన్ని బాగా కలవరపెట్టింది. అందరికీ వర్తించే నియమాన్ని ఎక్కడా రాయకుండా ఎలా వదిలేస్తారో ఆయనకి అర్థం కాలేదు. తలుపు పట్టుకుని, ఆవిడ తీపి తింటుందా అని అడిగాడు. తింటుందన్నాను. ఈరోజు దుకాణాల్లేవు, సోమవారం వేరే పనుంది, మంగళవారం పొద్దున ఏడున్నరకి తెస్తాను అన్నాడు.

"ఏడున్నరకి టాక్సీ వస్తుందండి."

"అయితే ఏడూ ఇరవై అయిదుకి."

ఇంట్లోకి వచ్చేశాను. పెద్దమామాకి చెప్పలేదు. చెబితే అడిగించుకున్నది చెల్లదంటుంది.

ఏడూ ఇరవై అయిదు

మంగళవారం పొద్దున బాబా తల్లికి అబాయా వేయించి కూర్చోబెట్టాడు. వేసుకుంది గానీ, విమానాశ్రయానికైతే లేస్తాను, ఆసుపత్రికైతే లేవను అంది. చేతిలో తస్బీహ్ జపమాల పూసలు తిరుగుతున్నాయి. కింద టాక్సీ ముందే వచ్చి నిలబడింది. బాబా ఆ గదిలోంచి ఈ గదిలోకి తిరుగుతున్నాడు. నేను గడియారం కేసి చూస్తున్నాను.

బెల్లు మోగింది. ముసలాయన టై కట్టుకుని వచ్చాడు. చేతిలో నీలం అంచు పళ్లెం, అందులో ఇంట్లో చేసిన ఆప్రికాట్ పళ్ల రొట్టె, ఇంకా పొగలు కక్కుతోంది. ఆపిల్ అయినా చాలని నేను అడిగిందేమిటి, ఆయన తెచ్చిందేమిటి. ఏ వేళకి లేచి చేశాడో. ఆయన పెద్దమామా ముందు వంగి పళ్లెం ఒళ్లో పెట్టాడు. ఆపరేషన్ కాబట్టి ఆవిడ ఏమీ తినకూడదు. వాసన చూసింది. "ఏలకులు వెయ్యలేదు" అంది. ఆ గొంతులో కోపం లేదు.

బాబా కళ్లు తుడుచుకుని, "యల్లా యుమ్మా, పదండి" అన్నాడు.

"ఆగు" అంది పెద్దమామా. "ఈ పళ్లెం ఎవరిది?"

"ఆయనదేనమ్మా."

"మరి ఖాళీగా ఎలా తిరిగిస్తాం? నాగా, పొయ్యి వెలిగించు. మచ్బూస్ పెట్టు."

బాబా ఉన్నచోటే నేలమీద కూర్చుండిపోయాడు. కింద టాక్సీ మీటరు తిరుగుతోంది. మాంసం ఇంకా గడ్డకట్టి ఉంది. నాకు ఎక్కడినుంచి వచ్చిందో ధైర్యం, ఆవిడ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను.

"పెద్దమామా, ఆయన ఓపిగ్గా చేసి తెచ్చాడు. మనం గాభరాగా ఏదో పడేసి పంపితే మర్యాదా? పనివాళ్లతో పంపినా మర్యాద కాదు. మీరు ఆపరేషన్ చేయించుకుని రండి. మీ చేత్తో మీరే తీసుకెళ్లి ఇద్దురుగాని."

పూసలు ఆగాయి. ఆవిడ నా ముఖంలోకి చాలాసేపు చూసింది, ఇంకేమన్నా ఆవగింజ దాచానేమో అని.

"నేను వచ్చేదాకా ఆ పళ్లెం ఎవరూ ముట్టుకోకూడదు" అని చెయ్యి చాపింది. బాబా లేపాడు.

బాబా ఎదురింటాయనకి విషయం చెప్పి, పళ్లెం అమ్మే తెచ్చిస్తుంది, ఇన్షా అల్లా అన్నాడు.

"మంచిది" అన్నాడాయన. "అది ఏ రోజు?"

కర్ర

ఆపరేషన్ బాగా జరిగింది. డాక్టరు ఎక్స్‌రే చూపించి, లోపల పెట్టిన మోకాలు మెరుస్తోంది చూడమన్నాడు. పెద్దమామా చూసి, పర్లేదు, ఏదో ఒకటి పెట్టారు అంది. రొట్టె మాత్రం బాబా, నేను తిన్నాం. పుల్లగా, మెత్తగా, కమ్మగా ఉంది. నేనైతే చిటికెడు ఉప్పు వేసేదాన్ని.

ఇంటికొచ్చాక వ్యాయామం చేయించడానికి జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒక పిల్ల రోజూ వచ్చేది. కొన్నాళ్లకి కర్ర వదిలెయ్యొచ్చు, కాలు గట్టిపడింది అని చెప్పింది. పెద్దమామా వదల్లేదు. "ఇది నాతో కువైట్ నుంచి వచ్చింది, నాతోనే వెళ్తుంది" అంది. ఆ పిల్ల బతిమాలింది, బాబా బతిమాలాడు. కర్ర లాక్కుంటే కుర్చీలోంచి లేవడమే మానేసేది. పడిపోతానని ఆవిడకి భయం. ఆ మాట నోటితో అనదు.

నేను చెత్త పడెయ్యడానికి వెళ్లినప్పుడల్లా ఎదురింటాయన, "ప్లేటు తేదీ ఏమైనా తెలిసిందా?" అని అడిగేవాడు. ఇన్షా అల్లా అండి అనేదాన్ని. "ఆ మాట ముందు కూడా చెప్పారు" అనేవాడు.

ఇక కువైట్ తిరుగు ప్రయాణం దగ్గరపడిన రోజు పెద్దమామా వంటింట్లోకి కుర్చీ వేయించుకుని దగ్గరుండి మచ్బూస్ వండించింది. కారం తగ్గించమంది, ఆ ముసలాడు తట్టుకోలేడని. నీలం అంచు పళ్లెంలో తనే సర్దింది. అన్నం, మాంసం, జీడిపప్పు, ఉల్లిపాయలు. పళ్లెం బరువెక్కింది, వేడెక్కింది. నేను తీసుకోబోతే చెయ్యి తోసేసింది. తన చేత్తోనే ఇస్తానన్న మాట ఉంది కదా.

ఒక చేత్తో ఎత్తి చూసింది. పళ్లెం ఒరిగింది. ఇంకో చేతిలో కర్ర. దాని కేసి చూసింది, పళ్లెం కేసి చూసింది. ఇంత పళ్లేనికి రెండు చేతులూ కావాలి.

"పట్టుకో" అని కర్ర నాకిచ్చేసింది.

తలుపు తీసి పట్టుకున్నాను. ఆవిడ రెండు చేతులతో పళ్లెం పట్టుకుని, అన్నం మీదనుంచి చూపు తిప్పకుండా, గుమ్మం దాటి నడిచింది. నేను కర్ర పట్టుకుని వెనకాలే నడిచాను. బెల్లు కొట్టడానికి ఆవిడకి చేతులు ఖాళీ లేవు, నేనే కొట్టాను. ఎదురింటాయన తలుపు తీసి, పళ్లెం అందుకుని, ఆవిడకి తల వంచి నమస్కారం చేశాడు. తర్వాత నా చేతిలో కర్ర చూసి, పాపం, మీ కాలికి ఏమైంది అని నన్ను అడిగాడు.